ఇంటి చెత్తతో మిక్స్‌డ్ మీడియా: పెచ్చులు ఎందుకు లేస్తాయి, మేలు ఎంతవరకు

క్లుప్తంగా: ఇంట్లో పోగయ్యే అట్టలు, సీసాలు, ప్యాకెట్లు, గుడ్డముక్కలతో చేసిన బొమ్మలు తొందరగా పాడవడానికి కారణం చాలాసార్లు చేతిపని కాదు. కింద ఉన్న వస్తువుకూ పైన పూసిన జిగురుకూ పొసగకపోవడం. పర్యావరణానికి మేలు అనే మాట నిజమా కాదా అన్నది కూడా ఏ వస్తువు తీసుకున్నారు, దానికి కొత్తగా ఏం కలిపారు అన్నదాన్ని బట్టే తేలుతుంది. రీసైక్లింగ్‌కు ఎలాగూ పోని వస్తువులు ఈ కళకు మంచి సరుకు. శుభ్రమైన అట్ట, గాజు, అల్యూమినియం విషయంలో లెక్క అంత తేలిక కాదు.

ఒక ఖాళీ సీసా, పాత అట్టపెట్టె, నాలుగు గుడ్డపేలికలు. పది నిమిషాల వీడియోలో అవన్నీ కలిసి గోడకు తగిలించే బొమ్మ అయిపోతాయి. ఆర్నెల్ల తర్వాత ఆ బొమ్మ పరిస్థితి ఏమిటన్నది మాత్రం ఆ వీడియోల్లో కనిపించడం అరుదు. సీసా మీద రంగు గోరు తగిలితే ఊడి వస్తుంది. అట్ట అరటిదొప్పలా వంగిపోతుంది. అతికించిన పేపరు ముక్క పసుపెక్కుతుంది. చూసి నేర్చుకున్నవాళ్లు తమ చెయ్యి మంచిది కాదేమో అనుకుని వదిలేస్తారు. పైగా ‘చెత్తను కళగా మార్చి భూమిని కాపాడండి’ అనే నినాదం ఒకటి. అందులో ఎంత నిజముందో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ.

ఈ రెండు సందేహాలకూ జవాబు దొరికేది ఒకే చోట, వస్తువుల స్వభావంలో.

కథ మొదలైంది 1912లో

కాన్వాస్ మీద రంగు కాకుండా ఇంకేదైనా అతికించవచ్చన్న ఆలోచన కొత్తదేమీ కాదు. పాబ్లో పికాసో 1912లో కుర్చీ అల్లిక డిజైను అచ్చేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను ఒక చిత్రంలో అతికించి, ఫ్రేము బదులు చుట్టూ తాడు చుట్టారు. అదే ఏడాది జార్జ్ బ్రాక్, చెక్క చారలున్న వాల్‌పేపర్‌ను కత్తిరించి తన గీతల పక్కన అంటించారు. కొలాజ్ అనే పద్ధతికి ఇవే తొలి మెట్లని కళా చరిత్రకారులు చెబుతారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919 నుంచి, జర్మనీలో కర్ట్ ష్విట్టర్స్ ట్రాము టికెట్లు, చీటీలు, చెక్కముక్కలు, తీగలు ఏరుకొచ్చి బొమ్మలు కట్టారు. వాటికి ఆయన పెట్టిన ‘మెర్జ్’ అనే పేరు కూడా ఒక బ్యాంకు ప్రకటనలోంచి కత్తిరించిన ముక్కే. 1955లో రాబర్ట్ రాషెన్‌బర్గ్ దిండు, దుప్పటి, బొంతలను చట్రానికి బిగించి వాటి మీదే రంగు పోశారు. 1961లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా అసెంబ్లాజ్ పేరుతోనే పెద్ద ప్రదర్శన పెట్టింది.

పేర్ల తేడా పెద్ద చిక్కు కాదు. చదునుగా కాగితాలు అతికిస్తే కొలాజ్, వస్తువులను ఎత్తుగా నిలబెట్టి కూర్చితే అసెంబ్లాజ్, ఒకటికి మించిన మాధ్యమాలు కలిసిన ప్రతిదీ మిక్స్‌డ్ మీడియా.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వీళ్లెవరూ పర్యావరణం కోసం చెత్త ముట్టుకోలేదు. కొందరికి అది చవక సరుకు. కొందరికి, అప్పటిదాకా గొప్ప కళ అనిపించుకున్నదాని మీద విసురు. వాడి పారేసిన వస్తువులో ఉండే జీవితపు ఆనవాలు ఇంకొందరికి నచ్చింది. పర్యావరణ వాదన వీటికి చాలా తర్వాత వచ్చి చేరింది. ఇప్పుడు ఖర్చు తగ్గడం, భావం పలకడం, చెత్త తగ్గడం అనే మూడు వేర్వేరు లక్ష్యాలను ఒకే మాటగా చెప్పేస్తున్నారు. గందరగోళమంతా అక్కడే పుడుతోంది. మొదటిదానికి పనికొచ్చిన వస్తువు మూడోదానికి పనికిరాకపోవచ్చు.

అంటుకోవడం వెనుక ఉన్న లెక్క

జిగురు గానీ రంగు గానీ పట్టాలంటే ముందు అది ఆ ఉపరితలం మీద పరుచుకోవాలి. ద్రవానికి ఉండే తలతన్యత (పైపొర బిగువు), ఘనపదార్థపు ఉపరితల శక్తి (ద్రవాన్ని తనవైపు లాగే బలం) కన్నా తక్కువైతే చక్కగా పరుచుకుంటుంది. ఎక్కువైతే ముత్యాల్లా ముడుచుకుంటుంది. నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. పాలిథిన్ ఉపరితల శక్తి దాదాపు 31. అందుకే పాలిథిన్ కవరు మీద నీటిచుక్క నిలబడి దొర్లిపోతుంది. నీళ్లతో తయారైన రంగులో తలతన్యతను తగ్గించే పదార్థాలు కలిపినా, ఆ కవరు మీద అది ఆరుతుందే గానీ పట్టుకోదు.

కాగితం, గుడ్డ, పాలిష్ పట్టని చెక్క కథ వేరు. వాటిలో సందులుంటాయి. జిగురు ఆ సందుల్లోకి దిగి, అక్కడే గట్టిపడి, వేళ్లూనుతుంది. మామూలు తెల్ల జిగురు, అంటే పీవీఏ, ఆరేది అందులోని నీరు బయటికి పోవడం వల్లే. రెండు వైపులా కాగితమో గుడ్డో ఉంటే నీరు వాటిలోంచి ఇంకిపోతుంది. ఒక వైపన్నా అలాంటిది ఉన్నా చాలు. గాజు ముక్కను ప్లాస్టిక్ మూతకు తెల్ల జిగురుతో అంటిస్తే మాత్రం నీటికి దారి ఉండదు. అంచుల్లో ఆరి, నడుమ వారాల తరబడి తెల్లగా, మెత్తగా ఉండిపోతుంది. ‘బాగానే అతుక్కుంది’ అనుకున్న ముక్క ఓ రోజు ఊడి కింద పడటానికి ఇదే కారణం.

ప్లాస్టిక్ అంతా ఒకే రకం కూడా కాదు. డబ్బా అడుగున త్రికోణంలో ఉండే 1 నుంచి 7 వరకు అంకెలు ఇక్కడ బాగా పనికొస్తాయి. 1988లో వచ్చిన ఈ గుర్తులు నిజానికి రీసైక్లింగ్‌లో రకాలు విడదీయడానికి పెట్టినవి. అంకె 1 ఉన్న నీళ్ల సీసా ప్లాస్టిక్, అంటే పెట్, రంగును కొంతవరకు ఒప్పుకుంటుంది. 2, 4 అంకెల పాలిథిన్ రకాలు, 5 అంకె ఉండే పాలీప్రొపిలీన్ డబ్బాలు, మూతలు మొండివి. శాండ్ పేపర్‌తో గరుకు చేసి, ప్లాస్టిక్ కోసమే తయారైన ప్రైమర్ పూస్తే తప్ప వాటి మీద ఏదీ నిలవదు. 6 అంకె పాలీస్టైరిన్. థర్మాకోల్ ఇందులో నురగ రూపం. దానిమీద స్ప్రే పెయింట్ కొడితే అందులోని సాల్వెంటు నురగను తినేస్తుంది, అక్కడ గుంట మిగులుతుంది. నీటి ఆధారిత రంగయితే ఈ చిక్కు రాదు.

డబ్బా మీద అంకె కనబడకపోతే చిన్న పరీక్ష ఉంది. సబ్బుతో కడిగి ఆరబెట్టి, ఒక నీటిచుక్క వేసి చూడాలి. చుక్క పలచగా పరుచుకుంటే జిగురుతో ప్రయత్నించవచ్చు. గుండ్రంగా ముడుచుకుంటే జిగురును నమ్ముకోకపోవడమే మేలు. వంటింటి నుంచి వచ్చిన వస్తువుల మీద కంటికి కనిపించని నూనె పొర ఉంటుంది కాబట్టి కడగడం మానేస్తే ఏ జిగురూ గెలవదు.

జిగురును నమ్మకపోతే మరి? కుట్టడం, కట్టడం, దూర్చడం, మేకు కొట్టడం. ఘనాలో పుట్టి నైజీరియాలో పనిచేసిన ఎల్ అనట్సుయి మద్యం సీసాల అల్యూమినియం మూతలను చదును చేసి, చిల్లులు పెట్టి, రాగి తీగతో ఒకదానికొకటి కుట్టి గోడంత వస్త్రాలు తయారు చేశారు. అందులో జిగురు పాత్ర లేదు. మూతలు కదిలినా తీగ కూడా వాటితో పాటే కదులుతుంది కనుక పగులు రాదు, మడతపెట్టి ఇంకో దేశానికి పంపవచ్చు. ఇంట్లో చేసే పనికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. పాలీప్రొపిలీన్ మూతను అంటించడానికి నాలుగు రకాల గమ్‌లు మార్చి మార్చి చూసేకన్నా సూది కాల్చకుండా, చిన్న డ్రిల్లుతో రెండు రంధ్రాలు పెట్టి దారంతో కుట్టడం సులువు.

హాట్ గ్లూ గురించి ఒక్కమాట. అది క్షణాల్లో పట్టేస్తుంది కాబట్టి వీడియోలకు భలే కుదురుతుంది. కానీ అది కరిగి గట్టిపడే ప్లాస్టిక్. ఎండ పడే గోడమీద మళ్లీ మెత్తబడుతుంది, గాజులాంటి నున్నని వస్తువు మీద నుంచి పెచ్చులా లేచిపోతుంది. తాత్కాలికంగా పట్టి ఉంచడానికి సరే, బరువు మోయడానికి మాత్రం వద్దు.

కాగితం తనంతట తానే పాడవుతుంది

ఇంట్లో ఎక్కువగా దొరికేది కాగితమే. అందులో వార్తాపత్రిక కాగితం అన్నిటికన్నా బలహీనం. కలపను యంత్రాలతో నూరి తీసిన గుజ్జుతో దాన్ని చేస్తారు. కలపలోని లిగ్నిన్ అందులోనే ఉండిపోతుంది. వెలుతురు, గాలి తగిలినకొద్దీ ఆ లిగ్నిన్ ఆక్సీకరణ చెంది పసుపెక్కుతుంది, ఆమ్లాలు పుట్టి నార పెళుసవుతుంది. పికాసో, బ్రాక్ అతికించిన వార్తాపత్రిక ముక్కలు ఇవాళ గోధుమరంగులో కనిపిస్తున్నాయి. వాళ్లు చూసిన బొమ్మలో ఆ రంగు లేదు. చుట్టూ ఉన్న బొగ్గు గీతలతో, తెల్ల కాగితంతో పోలిస్తే తేలిగ్గా కనిపించాల్సిన భాగం ఇప్పుడు బరువుగా కనిపిస్తోంది. కాలమే బొమ్మలో చెయ్యి పెట్టిందన్నమాట.

పైన వార్నిష్ పూస్తే సరిపోతుందన్నది పొరపాటు. యూవీని అడ్డుకునే వార్నిష్ పసుపెక్కడాన్ని నెమ్మదింపజేస్తుంది, గాలి తగలడం కొంత తగ్గుతుంది. కాగితం లోపలున్న ఆమ్లం మాత్రం అక్కడే ఉండి పనిచేస్తుంది. గ్రంథాలయాల్లో, మ్యూజియాల్లో కాల్షియం, మెగ్నీషియం సమ్మేళనాలతో ఆ ఆమ్లాన్ని విరుస్తారు. ఇంట్లో అంత తతంగం కుదరదు. అసలు ముక్కే కావాలన్న పట్టుదల లేకపోతే, దాన్ని ఆమ్లం లేని కాగితం మీద లేజర్ ప్రింటు తీసి అతికించడం తేలికైన దారి. నల్ల టోనర్‌లో రంగునిచ్చేది కార్బన్, అది వెలవదు. అయితే పాత కాగితాన్ని వాడాలన్న అసలు ఉద్దేశం అక్కడ నీరుగారిపోతుందన్న మాటా నిజమే.

కొనుగోలు బిల్లులు ఇంకో రకం వింత. చాలా బిల్లులు వేడికి నల్లబడే పూత ఉన్న థర్మల్ కాగితం మీద వస్తాయి. అక్షరాలు సిరా కావు, పూతలోని రంగు పదార్థం వేడికి చర్య జరిపి నల్లబడిన చోట్లు. ఆల్కహాల్ మార్కరుతో దానిమీద గీస్తే ఆ చోటంతా నల్లబడవచ్చు. హాట్ గ్లూ చుక్క పడినా అంతే. మెత్తటి ప్లాస్టిక్ తొడుగులో పెడితే మాత్రం ఉన్న అక్షరాలే మాయమవుతాయి. ఆ పూతలో హార్మోన్ల పనికి అడ్డుపడే బిస్ఫెనాల్ రకం రసాయనాలు ఉండే అవకాశం ఎక్కువ. యూరోపియన్ యూనియన్ 2020 జనవరి నుంచి థర్మల్ కాగితంలో బిస్ఫెనాల్ ఎ వాడకాన్ని కట్టడి చేసింది. పిల్లలతో చేయించే పనుల్లో ఈ బిల్లులను పక్కనపెట్టడం మంచిది.

టీ, కాఫీ డికాషన్‌తో కాగితానికి ‘పాతకాలపు’ రంగు ఇవ్వడం బాగా ప్రచారంలో ఉన్న చిట్కా. ఆ రంగు వెలుతురుకు నిలవదు, పైగా అది కొంత ఆమ్లాన్ని కూడా మోసుకొస్తుంది. పాత కాగితంలా కనిపించాలని చేసిన పని కాగితాన్ని నిజంగానే ముసలిదాన్ని చేస్తుంది.

అట్ట వంగడం చెయ్యి తప్పు కాదు

అట్టపెట్టె ముక్క మీద నీటి రంగో, గెస్సోనో (రంగుకు ముందు వేసే తెల్ల పూత) పూయగానే ముందు అట్ట రంగు వేసిన వైపు ఉబ్బి, అంచులు వెనక్కి వంగుతాయి. తడిసిన నార సాగడమే కారణం. ఆరాక అదే అట్ట రెండో వైపు తిరిగి, రంగు వైపే దొప్పలా ముడుచుకుంటుంది. సాగిన నార కుంచించుకుపోతుంది, పైన ఆరిన రంగు పొర కూడా దాన్ని తనవైపు లాగుతుంది. కాగితపు నార పొడవు వైపు కన్నా అడ్డంగా చాలా ఎక్కువ సాగుతుంది కాబట్టి వంపు కూడా ఎప్పుడూ ఒకే దిశలో వస్తుంది.

దీనికి విరుగుడు లాగుడును రెండు వైపులా సమానం చేయడమే. వెనకవైపు కూడా అదే పూత, అదే మందంలో వేస్తే అట్ట తిన్నగా నిలుస్తుంది. ముడతల అట్టను రెండు పొరలుగా వాడుకుని, ఒకదాని చాళ్లు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉండేలా అంటిస్తే ఇంకా గట్టి. ప్లైవుడ్ బలం వెనుక ఉన్న కిటుకూ ఇదే. ఒకేసారి దట్టంగా పూయకుండా పలచగా రెండు మూడు పూతలు వేస్తే నార మింగే నీరు తగ్గుతుంది.

ముడతల అట్టలో పొరలను కలిపి ఉంచేది సాధారణంగా పిండి జిగురు. చెమ్మ ఉన్న గోడకు ఆనించి పెడితే బొద్దింకలు, సిల్వర్ ఫిష్ పురుగులు దానికోసమే వస్తాయి. పప్పులు, గింజలు, పాస్తా అంటించిన బొమ్మలదీ ఇదే గతి, ఇంకా త్వరగా. వంటింటి నుంచి వచ్చేవాటిలో నిజంగా మన్నేది గుడ్డు పెంకు. అది దాదాపు పూర్తిగా కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి జాతిదే. లోపలి పల్చటి పొరను ఒలిచి, కడిగి, ఆరబెట్టి అంటిస్తే పురుగుకు అందులో తినడానికేమీ ఉండదు. 1920లలో ఫ్రాన్స్‌లో జాన్ దునాన్ లక్క పనిలో తెల్లరంగు కోసం గుడ్డు పెంకు ముక్కలనే పొదిగారు. ఆ కాలపు లక్కకు సరైన తెలుపు వచ్చేది కాదు మరి.

ఇనుప సామాను, అంటే మేకులు, మరలు, పిన్నులు, తెల్ల జిగురులోని తడి తగలగానే తుప్పు పడతాయి. ఆ తుప్పు చుట్టూ కాగితంలోకి గోధుమరంగు వలయంగా పాకుతుంది, అక్కడ నార కూడా త్వరగా పాడవుతుంది. అంటించే ముందే లోహానికి నీరు లేని వార్నిష్ ఒక పూత వేస్తే ఈ బాధ తప్పుతుంది. తుప్పు మరకే కావాలనుకున్నప్పుడు సంగతి వేరు.

చెత్త నిజంగా తగ్గుతోందా

నినాదం నిలుస్తుందో లేదో ఇక్కడే తేలుతుంది. శుభ్రమైన అట్టపెట్టెకు రీసైక్లింగ్‌లో మంచి గిరాకీ ఉంది. కాగితపు నార సుమారు 5 నుంచి 7 సార్ల దాకా మళ్లీ కాగితం కాగలదు. గాజు, అల్యూమినియం నాణ్యత తగ్గకుండా ఎన్నిసార్లయినా కరిగిపోతాయి. పాత అల్యూమినియం కరిగించడానికి, ఖనిజం నుంచి కొత్తది తీయడానికయ్యే శక్తిలో దాదాపు 5 శాతం చాలు. అలాంటి డబ్బాకు యాక్రిలిక్ రంగు, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ప్లాస్టిక్ జిగురు), గ్లిట్టర్ దట్టించాక అది రీసైక్లింగ్‌కు పోవడం కష్టమవుతుంది. కాగితం, ప్లాస్టిక్, లోహం విడదీయలేనంతగా కలిసిన వస్తువు చివరికి చేరేది చెత్తకుప్పకే. అంటే మళ్లీ వాడుకలోకి రాగల వస్తువును బొమ్మ ఆ దారినుంచి తప్పించినట్టు. బొమ్మ ఇరవై ఏళ్లు గోడమీద ఉంటే లెక్క ఒకలా ఉంటుంది, రెండు నెలల్లో పారేస్తే ఇంకోలా.

దీనికి భిన్నంగా, ఎలాగూ ఎవరూ తీసుకోనివి ఇంట్లో బోలెడుంటాయి. చిప్స్ ప్యాకెట్ల వంటి పలు పొరల కవర్లు, పగిలిన పింగాణీ, ఎండిపోయిన పెన్నులు, రకరకాల నూళ్లు కలిసిన గుడ్డపేలికలు, దారపు ఉండలు, విరిగిన బొమ్మలు, తెగిన జిప్పులు. జ్యూస్ డబ్బాలది నడిమి స్థితి. ఎక్కువ భాగం అట్ట, దానికి పాలిథిన్ పొరలు, లోపల పల్చటి అల్యూమినియం రేకు. వీటిని విడదీసే ప్రత్యేక కర్మాగారాలు ఉన్న చోట రీసైక్లింగ్ అవుతాయి, లేనిచోట కావు. కళాకారుడి దృష్టిలో మాత్రం అది మంచి సరుకు. లోపలి వెండిరంగు వైపు మొనదేలిన పెన్నుతో గీస్తే గీత దిగుతుంది, ఆ గీతలో సిరా నింపి అచ్చు కూడా తీయవచ్చు.

చండీగఢ్‌లో నేక్‌చంద్ కట్టిన రాక్ గార్డెన్ ఈ విషయంలో మంచి పోలిక. పగిలిన గాజులు, పింగాణీ, పనికిరాని ఇంటి సామాన్లను సిమెంటులో పొదిగిన శిల్పాలవి. 1976లో ప్రజలకు తెరిచారు, ఎండావానల్లో ఇప్పటికీ ఉన్నాయి. పింగాణీకి, గాజుకు ఆక్సీకరణ భయం లేదు. సిమెంటు వాటిని అంటించడంతో పాటు చుట్టూ బిగించి పట్టుకుంటుంది. చెత్తబుట్ట తప్ప ఇంకో గతి లేని వస్తువు దీర్ఘకాలం నిలిచే చోటు చేరింది కాబట్టి, పునర్వినియోగం అనే మాట అక్కడ అచ్చంగా సరిపోతుంది.

కొత్తగా కొనే సరుకును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక పాత మూతను అలంకరించడానికి దానికన్నా బరువైన ఎపాక్సీ పోస్తే ప్లాస్టిక్ పెరిగిందే గానీ తగ్గలేదు. ఎపాక్సీ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. గ్లిట్టర్ చాలావరకు ప్లాస్టిక్ పొడే. విడిగా అమ్మే ప్లాస్టిక్ గ్లిట్టర్‌పై యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరులో ఆంక్షలు పెట్టింది. యాక్రిలిక్ రంగు అంటిన బ్రష్షులను కుళాయి కింద కడిగితే కాలువలోకి పోయేదీ ప్లాస్టిక్ రేణువులే. ముందు పాత గుడ్డతో తుడిచి, మిగిలింది డబ్బాలో నీళ్లతో కడిగి, ఆ నీళ్లను తేరనిచ్చి అడుగున పేరుకున్నదాన్ని ఆరబెట్టి చెత్తలో వేయడం నయం. పిండి జిగురు, గుడ్డకుట్టు, ముడివేసిన తీగ వాడిన బొమ్మలో ఈ ఖర్చు దాదాపు ఉండదు, కావాలంటే మళ్లీ విడదీయవచ్చు కూడా.

జాగ్రత్త పడాల్సినవి

ప్లాస్టిక్‌ను మంట మీద వంచి ఆకారం తెచ్చే వీడియోలు టెన్షన్ పెట్టేవే. ముఖ్యంగా 3 అంకె ఉన్న పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, గొంతు, ఊపిరితిత్తులు మండుతాయి. దశాబ్దాల నాటి పెయింటున్న తలుపు చెక్కల్లో సీసం ఉండవచ్చు. అమెరికా ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లోనే నిషేధించిందంటే, అంతకు ముందటి రంగు ఎలాంటిదో ఊహించవచ్చు. వాటిని గీకడం, రుద్దడం వద్దు. బ్యాటరీలు, పాదరసం ఉన్న ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు ఎంత అందంగా కనిపించినా ఈ పనికి పనికిరావు. బూజు పట్టిన అట్టదీ అంతే. పైన రంగు వేసినంత మాత్రాన బూజు చావదు.

అన్నీ నిలవాలా

కాలానికి కరిగిపోవడాన్ని కళలో భాగంగానే చూసేవాళ్లు ఉన్నారు. ఒప్పుకోవాల్సిన వాదనే, అది ముందే అనుకుని చేసిన పని అయితే. నౌమ్ గాబో 1920ల నాటికి సరికొత్తవైన సెల్యులోజ్ ప్లాస్టిక్‌లతో శిల్పాలు చేశారు. అవి నిలుస్తాయనే నమ్మకంతోనే చేశారు. కొన్ని వంకర్లు తిరిగి, పగుళ్లిచ్చి, ముక్కలయ్యాయి. ఇవాళ ఇంట్లో దొరికే మెత్తటి పీవీసీ కవర్లదీ అలాంటి స్వభావమే. వాటిని మెత్తగా ఉంచే పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి ఊరి, పైన జిడ్డుగా చేరుతుంది, దుమ్ము అంటుతుంది, లోపల పెళుసవుతుంది.

అందుకే పాత కళాఖండాలను బాగుచేసి కాపాడే సంరక్షకులు అడిగేది చిన్న సాయం. బొమ్మ వెనక పెన్సిలుతో నాలుగు మాటలు రాయాలి: అడుగున ఏముంది, ఏ జిగురు వాడారు, పైన ఏ వార్నిష్, ఏ సంవత్సరం. పెన్సిల్ ఎందుకంటే గ్రాఫైట్ వెలవదు, తడికి కారదు. రేపు ఒక ముక్క ఊడితే దాన్ని తిరిగి అంటించాల్సినవాళ్లకు, పిండి జిగురైతే తడిపి విప్పవచ్చని, ఎపాక్సీ అయితే ముట్టుకోకూడదని ఆ రాతే చెబుతుంది.